ఉప్పు తిన్న మోటారు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను చేసిన తప్పు ముందే చెప్తాను. సంవత్సరం చూసి కొన్నాను.

కాకినాడలో, పడవ వెనక బిగించే పాత మోటార్ల షెడ్డులో నా ముందు రెండు పెట్టారు. రెండూ ఎనిమిది హార్స్‌పవర్ టూ స్ట్రోక్‌లే. ఒకటి జాన్సన్, రంగు వెలిసి మూత పగిలి ఉంది. 1980 నుంచి జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల వాళ్లు మోడల్ నంబరులోనే సంవత్సరం దాచేవారు. ‘ఇంట్రడ్యూసెస్’ (INTRODUCES) అన్న ఇంగ్లిషు మాటలో పది అక్షరాలుంటాయి. వరసగా ఐ అంటే 1, ఎన్ అంటే 2, చివరి ఎస్ సున్న. ప్లేటు మీద ఇ, ఐ అని కనబడగానే ‘91 మోడల్!’ అని గొప్పగా చెప్పి దాన్ని పక్కన పెట్టేశాను. అది రిజర్వాయర్‌లో మాత్రమే తిరిగిందని షెడ్డతను చెప్తూనే ఉన్నాడు. నేను వినలేదు. రెండోది 2011ది, పెయింట్ నిగనిగలాడుతోంది. అదే తెచ్చుకున్నాను.

నెహ్రూనగర్ వైపు శ్రీశైలం వెనుక జలాల్లో జాలర్ల దగ్గర చేపలు కొని కర్నూలు మార్కెట్‌కు పంపడం నా పని. మొదటి ఏడాది అడిగినవాళ్లకల్లా ‘ఒక్క లాగుకే స్టార్ట్’ అని చెప్పాను. అది ఎండాకాలం మాట. డిసెంబరు పొద్దుల్లో చోక్ వేసి నాలుగైదు సార్లు లాగాలి. ఒక్కడినే మోస్తానని కూడా అన్నాను. నీళ్లు గట్టుదాకా ఉన్నప్పుడు నిజమే. వేసవిలో నీళ్లు వెనక్కి పోయి బురదలో దిగి నడవాల్సి వస్తే ఇంకో మనిషి కావాలి.

రెండో ఏడాది అక్టోబరు. డ్యాం నిండి సంగమేశ్వరం గుడి శిఖరం కూడా కనబడటం లేదు. పడవలో బొచ్చె, రోహు కలిపి క్వింటాలు పైనే ఉంది. ఇంజిన్‌ను చల్లబరిచి మోటారు వెనక నుంచి చిమ్మే నీటి ధార వారం రోజులుగా సన్నబడుతోంది. చూస్తూనే ఉన్నాను, చెత్త అడ్డుపడిందిలే అనుకున్నాను. నడి నీళ్లలో శబ్దం మారింది, వేగం తగ్గింది, కాలిన రంగు వాసన వచ్చింది, ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. పట్టేసింది.

దగ్గర్లో ఒక పుట్టి కనబడితే కేకేశాను. పాపం, అతను తాడు కట్టి తెడ్డేశాడు. పుట్టి గుండ్రంగా తిరుగుతుంది కానీ పడవ కదిలితే కదా! చివరికి అతనూ పడవలోకి వచ్చి, ఇద్దరం తెడ్లు వేసి గట్టుకు చేరేసరికి చీకటి పడింది. సగం చేపలు పనికిరాలేదు.

కర్నూలులో ఆర్‌ఎక్స్ 100లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. టూ స్ట్రోక్ ఏదైనా టూ స్ట్రోకే కదా. నీళ్లు తోడే పంపు విప్పబోతే నాలుగు బోల్టుల్లో మూడు తెగిపోయాయి. స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో అది అంతకుముందు తిరిగిన సముద్రం. లోపల నీళ్లు తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, దాని రెక్కలు విరిగాయి, నీటి దారుల్లో ఉప్పు గడ్డకట్టింది. “ఇది ఉప్పు తిన్న బండి అన్నా” అన్నాడు. ఉప్పు తిన్నవాళ్లకు విశ్వాసం ఉంటుందంటారు. దీనికి లేదు.

బోల్టులు డ్రిల్ చేసి, కొత్త మర కోసి, పంపు పార్సిల్‌లో తెప్పించి బిగించేసరికి తొమ్మిది వేలు అయింది. ఇప్పటికీ నడుస్తోంది. ఒక సిలిండర్‌లో ఒత్తిడి మాత్రం రెండోదాని కన్నా తక్కువే.

అయితే సంవత్సరం అసలు చూడొద్దని అనను. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరు పైపులను తినేస్తుంది. ఆ 91 జాన్సన్ తెచ్చుకుని ఉంటే పైపులన్నీ మార్చుకోవాల్సి వచ్చేదేమో. నేను పని అయిన ప్రతిసారీ పెట్రోలు పైపు ఊడదీసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపుతాను. అడుగు గేరు ఆయిల్ పాలు కలిసిన టీలా కనబడితే మాత్రం ఏ మోడలైనా వద్దు, లోపలికి నీళ్లు పోతున్నట్టే.

నాది వారానికి మూడు రోజుల పని, గట్టు వెంబడే. రోజూ సోమశిల వైపు దాటేవాళ్లయితే అప్పు చేసైనా ఫోర్ స్ట్రోక్ చూసుకోవడం మేలేమో. నాకు ఆ స్థోమత లేదు.

మొన్న మా బావమరిది 2015 మోడల్ ఒకటి ఫోటో పంపి, “కొందామా బావా?” అన్నాడు. ఏ నీళ్లలో తిరిగిందో కనుక్కోమన్నాను. ఇంకా జవాబు రాలేదు.