మేజర్ లీగ్ సాకర్‌లో విదేశీ కోచ్ మేలా, స్వదేశీ కోచ్ మేలా?

అమెరికా, కెనడా ఫుట్‌బాల్ క్లబ్బులు కలిసి ఆడే మేజర్ లీగ్ సాకర్‌లో ఏ క్లబ్బులోనైనా కోచ్ పదవి ఖాళీ అయితే అభిమానుల మధ్య మొదలయ్యే వాదన ఒకటే: ఐరోపా నుంచో దక్షిణ అమెరికా నుంచో పేరు మోసిన వ్యక్తిని రప్పించాలా, ఇక్కడి ఆటలో పెరిగిన అమెరికన్‌కే జట్టును అప్పగించాలా? 1996లో లీగ్ మొదలైనప్పటి నుంచి క్లబ్బులు రెండు దారుల్లోనూ నడిచి చూశాయి. ఆ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కోచ్ పుట్టిన దేశం కన్నా ఈ లీగ్‌తో అతనికి ముందే ఉన్న పరిచయానికే ఎక్కువ విలువ ఇవ్వాలనిపిస్తుంది.

పేరును నమ్ముకుని దెబ్బతిన్న క్లబ్బుల్లో న్యూయార్క్ ప్రాంతపు మెట్రోస్టార్స్‌ను ముందు చెప్పుకోవాలి. 1994లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్ అందించిన కార్లోస్ ఆల్బెర్టో పరేరా 1997లో ఆ జట్టుకు కోచ్‌గా వచ్చి, ఒక్క సీజన్‌తోనే వెళ్లిపోయారు. తరువాత వచ్చిన బోరా మిలుటినోవిచ్ అంతకుముందు మెక్సికో, కోస్టారికా, అమెరికా, నైజీరియా జట్లను వరుసగా నాలుగు ప్రపంచ కప్పుల్లో తొలి దశ దాటించిన ఘనుడు. అయినా 1999లో ఆయన జట్టు ముప్పై రెండు మ్యాచ్‌లలో ఏడు గెలిచి ఇరవై ఐదు ఓడింది. ఆయన అమెరికాకు కొత్తవారు కారు, 1994లో ఈ దేశపు జాతీయ జట్టును నడిపినవారే. జాతీయ జట్టు వేరు, లీగ్ జట్టు వేరు అని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. డేవిడ్ బెక్‌హామ్ ఉన్న లాస్ ఏంజెలిస్ గెలాక్సీ 2007 నవంబరులో నెదర్లాండ్స్ మాజీ తార రూడ్ గుల్లిట్‌ను తెచ్చుకుంటే, మరుసటి ఆగస్టుకే ఆయన తప్పుకున్నారు. టొరంటోలో అదే దేశపు ఆరోన్ వింటర్ జట్టు 2012 లీగ్ సీజన్‌లో మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ ఓడిపోయింది.

వీరందరికీ ఆట తెలియదని ఎవరూ అనలేరు. వారికి కొరుకుడు పడనిది లీగ్ కట్టుబాటు. ఇక్కడ ఆటగాళ్ల ఒప్పందాలు క్లబ్బుతో కాక లీగ్‌తో ఉంటాయి. జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంటుంది. ఆ పరిమితికి మించి ఎంతైనా చెల్లించి తెచ్చుకోగలిగేది ముగ్గురు ఆటగాళ్లనే. విదేశీ ఆటగాళ్లకు కేటాయించిన స్థానాలను కూడా క్లబ్బులు తమలో తాము మార్చుకుంటాయి. కాబట్టి కోట్లు తీసుకునే తారల పక్కన, కళాశాల నుంచి అప్పుడే వచ్చిన కుర్రవాణ్ణి నిలబెట్టి గెలవాలి. దీనికి తోడు వాంకూవర్ నుంచి మయామీ దాకా విమాన ప్రయాణాలు, టెక్సాస్ మండుటెండలు, సముద్రమట్టానికి అయిదు వేల అడుగులకు పైన ఉన్న కొలరాడో మైదానం, సియాటిల్, పోర్ట్‌లాండ్‌లలో కృత్రిమ పచ్చిక ఉంటాయి. చివరికి సీజన్ పొడవునా కూడబెట్టిన పాయింట్లు కప్పు ఇవ్వవు, ప్లేఆఫ్‌లలో మళ్లీ గెలవాలి.

స్వదేశీ కోచ్‌ల బలం సరిగ్గా ఇక్కడే ఉంది. గుల్లిట్ వదిలిన గెలాక్సీనే చేపట్టిన బ్రూస్ అరీనా 2011, 2012, 2014లలో కప్పు గెలిచారు. 2011 నుంచి 2017 వరకు కప్పు గెలిచిన కోచ్‌లు అందరూ అమెరికన్లే. సిన్సినాటి అనుభవం మరీ సూటిగా ఉంటుంది: రాన్ యాన్స్, యాప్ స్టామ్ అనే డచ్ కోచ్‌ల కాలం కలుపుకొని 2019 నుంచి మూడేళ్లు అట్టడుగున నిలిచిన క్లబ్బును పాట్ నూనన్ 2022లో ప్లేఆఫ్‌లకు చేర్చి, 2023లో లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చే సపోర్టర్స్ షీల్డ్ అందించారు. అయితే ఆటగాళ్ల ఎంపిక కూడా అప్పటికి మెరుగుపడింది కనుక ఘనతంతా కోచ్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు.

2018 నుంచి లెక్క సమానమైంది. 2025 వరకు జరిగిన ఎనిమిది ఫైనళ్లలో నాలుగు అమెరికన్లవి, నాలుగు విదేశీయులవి: మార్టినో, డైలా, నాన్సీ, మస్చెరానో. బార్సిలోనాను నడిపిన గెరార్డో మార్టినో 2018లో అట్లాంటాకు కప్పు తెచ్చారు. ఆయన వెనుక అమెరికా మాజీ కెప్టెన్ కార్లోస్ బొకనెగ్రా సాంకేతిక డైరెక్టరుగా ఉన్నారు. నిబంధనల చిక్కులు చూసుకునే మనిషి ఉండబట్టే కోచ్ ఆట మీద మనసు పెట్టగలిగారని నా నమ్మకం. అదే మార్టినో 2024లో మెస్సీ ఉన్న ఇంటర్ మయామీతో 74 పాయింట్ల రికార్డు సాధించి కూడా ప్లేఆఫ్ తొలి రౌండులోనే అట్లాంటా చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడు మస్చెరానో అదే క్లబ్బుతో కప్పు గెలిచారు. మెస్సీ ఆడుతున్న జట్టు గెలుపును కోచ్‌ల పోలికలో సాక్ష్యంగా వాడుకోవడానికి నేను వెనకాడతాను.

ఈ రెండు వర్గాల నడుమ మూడోది ఒకటుంది, నా మొగ్గు దానివైపే. పుట్టుక విదేశంలోనైనా ఈ లీగ్ లోపలే పనిచేసి ఎదిగిన కోచ్‌లు వీరు. ఫ్రెంచివాడైన విల్‌ఫ్రెడ్ నాన్సీ మాంట్రియల్ అకాడమీలో చేరి, సహాయకుడిగా పనిచేసి, 2021లో తియరీ ఆన్రీ తప్పుకున్నాక ప్రధాన కోచ్ అయ్యారు. 2023లో కొలంబస్‌కు కప్పు అందించారు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలోనే మైదానం ఉన్న ఎఫ్‌సీ డాలస్ కథా ఇలాంటిదే. ఆ క్లబ్బుకు ఆడి, దాని అకాడమీని నడిపిన కొలంబియన్ ఆస్కార్ పరేహా 2016లో సపోర్టర్స్ షీల్డ్, అమెరికా క్లబ్బుల నాకౌట్ టోర్నీ అయిన ఓపెన్ కప్ రెండూ తెచ్చిపెట్టారు. సరిహద్దు దాటితే గ్రెగ్ వానీ కూడా విదేశీయుడే: టొరంటో అకాడమీని నడిపి, తరువాత కోచ్‌గా 2017లో మూడు ట్రోఫీలు గెలిపించిన ఆ అమెరికన్‌ను ఈ వర్గంలోనే చేర్చాలి.

అందువల్ల పరిమిత వనరులున్న క్లబ్బు బయటి నుంచి పేరును కొనుక్కోవడం కన్నా, తన అకాడమీలోనో పక్క క్లబ్బు సహాయకుల్లోనో వెతుక్కోవడం మేలు. దొరికినవాడు ఏ దేశస్థుడైనా సరే. ధనవంతులైన యజమానులు బయటివారిని తెచ్చుకోవచ్చు గానీ, లీగ్ నిబంధనలు కంఠతా వచ్చిన క్రీడా డైరెక్టరును ముందు నియమించుకుని, ఆ కోచ్‌కు కనీసం రెండు సీజన్లు ఇవ్వాలి. నార్వేకు చెందిన రోనీ డైలా న్యూయార్క్ సిటీకి కప్పు తెచ్చింది రెండో సీజన్‌లోనే. 2027లో లీగ్ వేసవిలో మొదలై మరుసటి ఏడు ముగిసే ఐరోపా క్యాలెండరుకు మారుతోంది కనుక సీజన్ల తేడా వల్ల కొత్తగా వచ్చేవారికి ఉన్న ఇబ్బంది కొంత తగ్గవచ్చు. జీతాల పరిమితి మాత్రం అప్పటికీ వారిని పలకరించకుండా వదలదు.