డబ్బా కానుకా, క్రిస్మస్ కానుకా?

మిషన్‌కి, అంటే దూర ప్రాంతాల్లో సువార్త పనికి, పంపే కానుక వారం వారం ఇంట్లో డబ్బాలో వేయాలా, క్రిస్మస్‌కి ఒకేసారి ఎత్తాలా అని చర్చి స్త్రీల సమాజాల్లో ఎప్పుడూ ఉండే చర్చే. రెండూ గట్టిగా పనిచేసినవే.

డబ్బా: 1870లో కెనడాలోని నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ ఊరూరా తిరిగి బాప్టిస్టు స్త్రీలతో చిల్లర కానుకల సంఘాలు పెట్టించారు, ఆ ప్రాంతం బాప్టిస్టులే తర్వాత మన బొబ్బిలి, భీమిలి వైపు మిషనరీలని పంపారు.
క్రిస్మస్: చైనా నుంచి అమెరికన్ మిషనరీ లాటీ మూన్ ఉత్తరాలు రాస్తే 1888లో అమెరికాలోని సదరన్ బాప్టిస్టు స్త్రీలు 3,315 డాలర్లు ఎత్తారు, ముగ్గురు మిషనరీలని పంపేంత!

భారం: డబ్బాలో పది రూపాయలేసినా చాలు. క్రిస్మస్‌కి బట్టలు, పిండివంటల ఖర్చు పోను మిగిలిందే.

శ్రమ: డబ్బాకి ఏడాదంతా ఒకరు ఇల్లిల్లూ తిరిగి, చాప మీద చిల్లర పోసి లెక్కపెట్టి, ఎవరిదెంతో పుస్తకంలో రాయాలి, ఇది నిజంగా పెద్ద పనే అక్కా. క్రిస్మస్‌కి ఒక్క వారం.

రిస్క్: డబ్బాలోది ఇంటి అవసరానికి తీసేస్తారు. క్రిస్మస్‌ది మొత్తం ఆ ఒక్క వారం మీదే.

కూలి పనులకెళ్ళే అక్కలు ఎక్కువుంటే, లేదా మిషనరీకి నెలనెలా పంపుతామని మాటిచ్చి ఉంటే డబ్బానే పెట్టండి. జీతాలొచ్చేవాళ్ళు ఎక్కువున్న టౌన్ సంఘానికి క్రిస్మస్ కానుక బాగుంటుంది, కాకపోతే టార్గెట్ ముందే చెప్పాలి.