బిర్యానీకి వంక లేదు, మేనేజర్ తీరుకే రెండు స్టార్లు

ఉలవచారు బిర్యానీ చాలా బాగుంది, ముక్క మెత్తగా ఉడికింది, కారం సరిపోయింది. గోంగూర రొయ్యలు ఇంకా బాగున్నాయి. వడ్డించిన కుర్రాడు ఎంతో మర్యాదగా ఉన్నాడు. అయినా రెండు స్టార్లే ఇస్తున్నాను.

నేనూ నా పార్ట్‌నరూ, ఇద్దరం మగవాళ్ళమే, కిటికీ పక్క టేబుల్ దగ్గర చేతులు పట్టుకుని కబుర్లు చెప్పుకున్నంతసేపూ ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రెండ్స్ అనుకుని ఉంటారు, మగపిల్లలు భుజాల మీద చేతులేసుకుని తిరగడం మన దగ్గర మామూలే కదా. కేక్ వచ్చింది, దాని మీద మా ఇద్దరి పేర్లూ, కింద 'హ్యాపీ యానివర్సరీ' అనీ ఉంది, అంతే, మేనేజర్ వచ్చి "సార్, ఫ్యామిలీస్ ఉన్నాయి, కొంచెం లోపలి టేబుల్‌కి మారండి" అన్నాడు. ఎవరు కంప్లైంట్ చేశారని అడిగాను. ఎవరూ చెయ్యలేదట, చేస్తారేమోనట! మా పక్కనే ఒకమ్మాయి తన అబ్బాయి భుజం మీద తల ఆనించుకుని కూర్చుంది, వాళ్ళనెవరూ లేపలేదు, లేపకూడదు కూడా. మేం మారం అన్నాం. అడక్కుండానే బిల్లు తెచ్చి పెట్టారు.

ఈ 'చేస్తారేమో' అనే భయం పెద్ద కంపెనీలకు కూడా ఉంది. 2021లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి కోసం ఒకరు కర్వా చౌత్ (ఉత్తరాదిలో భర్త కోసం భార్య చేసే ఉపవాసం) చేసుకుంటున్నట్టు డాబర్ వాళ్ళు ఫెమ్ బ్లీచ్‌కి ప్రకటన తీశారు, మధ్యప్రదేశ్ హోంమంత్రి చర్య తీసుకుంటామనగానే వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మా సంబంధం నేరం కాదంది, కానీ మా సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద ఆ తీర్పు ముఖ్యంగా తేల్చింది ఏకాంతంలో జరిగే వాటి గురించి. 2023 అక్టోబర్ 17న పెళ్ళి సంగతి పార్లమెంటే చూసుకోవాలంది. ఇంట్లో మాకు అడ్డు లేదు, బయట హోటల్లో ఎక్కడ కూర్చోవాలో మాత్రం మేనేజర్ చెప్తున్నాడు. చెయ్యి పట్టుకోవడం ఏ చట్టం ప్రకారం తప్పో నాకు చెప్పండి.

ఓనర్ గారూ, అందరికీ ఒకటే రూల్ అని మీ స్టాఫ్‌కి చెప్పి, ఆ మాట ఇక్కడ రిప్లైలో రాయండి. రాసిన రోజున స్టార్లు మారుస్తాను.