ట్రాన్స్‌ఫరబుల్ ఎల్‌సీ: 12 ఏళ్లు వాడాక నా అనుభవం

నాకు సొంత ఫ్యాక్టరీ లేదు. ఒక దేశంలో సరుకు కొని, ఇంకో దేశంలోని బయర్‌కి అమ్మే వ్యాపారం నాది. సప్లయర్‌కి ముందుగా డబ్బు కట్టే స్తోమత లేని రోజుల్లో ట్రాన్స్‌ఫరబుల్ ఎల్‌సీ మొదలుపెట్టాను. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) అంటే, అడిగిన డాక్యుమెంట్లు సరిగ్గా ఇస్తే డబ్బు కడతానని బయర్ బ్యాంకు ఇచ్చే హామీ. 12 ఏళ్లయినా వదల్లేదు. నన్ను ఈ వ్యాపారంలో నిలబెట్టింది ఇదే.

బయర్ బ్యాంకు నా పేరున ఎల్‌సీ తెరుస్తుంది. అందులో నా లాభం పోగా మిగతాది ట్రాన్స్‌ఫర్ చేసే బ్యాంకు సప్లయర్ పేరుకి మారుస్తుంది. ఇది నాకిచ్చే అప్పు కాదు కాబట్టి లిమిట్లు, తాకట్లు అడగలేదు. బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ అలా కాదు. అక్కడ రెండో ఎల్‌సీని మన బ్యాంకే తెరుస్తుంది, బయర్ వైపు నుంచి డబ్బు రాకపోయినా ఆ భారం మన మీదే.

ట్రాన్స్‌ఫర్ రూల్స్ అన్నీ యూసీపీ 600లో, అంటే ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళిలో, 38వ ఆర్టికల్‌లో ఉన్నాయి. 2007 జూలై 1 నుంచి ఇవే అమల్లో ఉన్నాయి. 'ట్రాన్స్‌ఫరబుల్' అన్న మాట ఎల్‌సీలో స్పష్టంగా ఉండాలి. అయితే ఆ మాట ఉన్నంత మాత్రాన బ్యాంకు మార్చి తీరాలని లేదు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఎల్‌సీ డ్రాఫ్ట్ దశలో ఉండగానే బ్యాంకుని అడిగి, ఒప్పుకున్నాకే ముందుకు వెళ్తాను.

మార్చేటప్పుడు మొత్తం, యూనిట్ ధర, ఎల్‌సీ గడువు, ఆఖరి షిప్‌మెంట్ తేదీ, డాక్యుమెంట్లు ఇచ్చే వ్యవధి తగ్గించుకోవచ్చు. ఇన్సూరెన్స్ శాతాన్ని (సరుకు విలువలో ఎంత శాతానికి పాలసీ ఉండాలన్నది) మాత్రం పెంచాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. అసలు ఎల్‌సీ 1,00,000 డాలర్లకి, ఇన్సూరెన్స్ 110 శాతం అనుకోండి. సప్లయర్‌కి 80,000 మార్చితే, ఆయన 137.5 శాతానికి పాలసీ తీసుకోవాలి. అప్పుడే బయర్ అడిగిన 1,10,000 కవర్ అవుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యం ఇన్వాయిస్ మార్పిడి. సప్లయర్ డాక్యుమెంట్లు ట్రాన్స్‌ఫర్ చేసిన బ్యాంకుకే రావాలి. బ్యాంకు అడగ్గానే ఆయన ఇన్వాయిస్ తీసి నా ఇన్వాయిస్ పెడతాను. రెండింటికీ మధ్య తేడా నా లాభం. ఒకసారి బ్యాంకు అడిగినప్పుడు నేను ప్రయాణంలో ఉన్నాను, ఆఫీసులో సంతకం చేసే అధికారం ఇంకెవరికీ లేదు. బ్యాంకు సప్లయర్ ఇన్వాయిస్‌నే ముందుకి పంపించేసింది. రూల్ ప్రకారం దానికి ఆ హక్కు ఉంది. ఆ షిప్‌మెంట్ మీద నా లాభం పోయింది. సప్లయర్ పేరు, ధర రెండూ బయర్ చేతిలో పడ్డాయి. తర్వాతి ఆర్డర్ ఆయన నేరుగా సప్లయర్‌కే ఇచ్చాడు. ఆ బాధ చాలాకాలం పోలేదు. అప్పటినుంచి సరుకు ఓడెక్కేలోపే సంతకం చేసిన ఇన్వాయిస్‌ని బ్యాంకులో ఇచ్చి ఉంచుతున్నాను.

అందులో తప్పు దొర్లినా అదే గతి. సప్లయర్ కాగితాల్లో లేని డిస్క్రెపెన్సీ (ఎల్‌సీ షరతులతో పొసగని తేడా) నా ఇన్వాయిస్ వల్ల వస్తే, బ్యాంకు మొదటిసారి అడిగినప్పుడే నేను సరిచేయాలి.

ఇన్వాయిస్ మార్చినా మిగతా కాగితాల్లో సప్లయర్ పేరు బయటపడవచ్చు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) షిప్పర్‌గా, అంటే సరుకు పంపినవారిగా, ఎల్‌సీ లబ్ధిదారు పేరే ఉండాలని యూసీపీ అనదు కాబట్టి, అక్కడ నా పేరే వేయిస్తాను. ప్యాకింగ్ లిస్ట్, సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ నేనే చూసుకుంటాను.

సప్లయర్లకి కూడా ఒక మాట ముందే చెప్తాను. ట్రాన్స్‌ఫర్ చేసినంత మాత్రాన ఆ బ్యాంకు డబ్బుకి హామీ ఇచ్చినట్టు కాదు. కన్ఫర్మేషన్ (డబ్బు తానూ కడతానని ఇంకో బ్యాంకు విడిగా ఇచ్చే హామీ) లేకపోతే వాళ్ల నమ్మకమంతా ఎల్‌సీ తెరిచిన బ్యాంకు మీదే. ఈ మాట విని ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. మిగతావాళ్లతో ఇప్పటికీ పని చేస్తున్నాను.