నీళ్ల పీయూ కింద ఏ శాండింగ్ డిస్క్: ఇన్నాళ్లు వాడాక నాకు తేలింది

వాటర్‌బేస్డ్ పీయూ, అంటే థిన్నర్ బదులు నీళ్లతో కలిపే పాలీయురేథేన్ పాలిష్, వేయబోయే చెక్క కోసం శాండింగ్ మెషీన్‌కి తగిలించే గుండ్రటి శాండ్‌పేపర్ డిస్క్ కొంటుంటే నేను ముందు చూసేది అది ఎంతసేపు పదునుగా ఉంటుందనే. కంపెనీ, రేటు అన్నీ దాని తర్వాతే. మాది రాజమండ్రిలో చిన్న షెడ్డు. టేకు, వేప ఎక్కువ, మధ్యమధ్య వెనీర్ (పైన పల్చటి చెక్క పొర అంటించిన) ప్లైవుడ్ పని వస్తుంది. ఒకప్పుడు మెలమైన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాంటి థిన్నర్ పాలిష్‌లు తప్ప ఇంకోటి అడిగేవాళ్లు కాదు, ఇప్పుడు ఇంట్లో మనుషులు ఉండగానే పాలిష్ చేయించుకుంటున్నారు, చిన్నపిల్లలున్నారు థిన్నర్ వాసన వద్దండీ అంటున్నారు, అలా నీళ్ల పీయూ పని బాగా పెరిగింది. దాంతోపాటే శాండ్‌పేపర్ ఖర్చూ పెరిగింది.

ఎందుకంటే థిన్నర్ పాలిష్ కింద అరిగిన పేపర్ చాలావరకు దాగిపోతుంది, నీళ్ల కింద దాగదు. మొద్దుబారిన డిస్క్ చెక్క పీచుని కొయ్యలేక నొక్కి పడుకోబెడుతుంది. చేత్తో తడిమితే నున్నగా, బ్రహ్మాండంగా ఉంటుంది, మేస్త్రీ కూడా అయిపోయిందండీ అంటాడు. మొదటి కోటు పడగానే ఆ పీచు నీళ్లు తాగి లేస్తుంది, ఆరాక చెయ్యి పెడితే రెండ్రోజుల గడ్డం తడిమినట్టే. ఇది చూసి పీయూ బాలేదని డబ్బా మార్చేసేవాళ్లు కూడా ఉన్నారు. పీచు ఎప్పుడైనా కొంత లేస్తుంది, కానీ పదునైన డిస్క్‌తో కోసిన చెక్కకీ అరిగిన దానితో పామిన చెక్కకీ చాలా తేడా.

మా శాండింగ్ మెషీన్ బాష్ జీఈఎక్స్ 125-1 ఏఈ. 250 వాట్లు, 5 అంగుళాల ప్యాడ్, 8 రంధ్రాలు, డిస్క్ తిరిగే కక్ష్య 2.5 మి.మీ. కక్ష్య చిన్నది కాబట్టి గీతలు సన్నగా పడతాయి, ఫినిషింగ్‌కి చాలా మంచిది. ఎగుడుదిగుళ్లు తీయడానికి మాత్రం దీంతో కూర్చుంటే రోజు గడిచిపోతుంది, ఆ పని చిత్రికకే వదిలేయండి. డిస్క్ కొనేటప్పుడు రంధ్రాలు లెక్కపెట్టుకోండి, 5 రంధ్రాలవీ 6 రంధ్రాలవీ కూడా అదే సైజులో అమ్ముతారు. రంధ్రాలు కలవకపోతే దుమ్ము లోపలికి లాగదు, డిస్క్‌కీ చెక్కకీ మధ్యే తిరుగుతుంది, చెక్క మీద రింగులు రింగులుగా గీతలు పడేది చాలావరకు అందుకే.

ఇక డిస్కుల సంగతి. ఆన్‌లైన్‌లో రకరకాల నెంబర్లు (నెంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నం) కలిపి పేరు తెలియని కట్టలు చవగ్గా దొరుకుతాయి. వాటి 60, 80 పాత రంగు గీకడానికి పర్లేదు, 180 పైన మాత్రం నమ్మను. డిస్క్ మీది సన్నటి గరుకు రాళ్ల మధ్య ఎక్కడో ఒక పెద్ద రాయి ఉంటుంది, అదొక్కటి చాలు టేబుల్ అంతా సున్నాలు చుట్టడానికి. వెల్క్రో కూడా వేడికి ఊడొస్తుంది.

మామూలు అల్యూమినియం ఆక్సైడ్ పేపర్ డిస్కులు వేప మీద బాగానే నడుస్తాయి. టేకు మీద తొందరగా చచ్చిపోతాయి. టేకులో ఉండే సిలికా పదును తినేస్తుంది, నూనె దుమ్ముని ముద్ద చేసి అంటిస్తుంది. అందుకే టేకుకి 120, 180 నెంబర్లలో జాలీ డిస్కులు వాడుతున్నాను, మిర్కా అబ్రానెట్. ఖరీదు ఎక్కువే, కానీ మొత్తం వల కాబట్టి దుమ్ము ఎక్కడికక్కడ పోతుంది, మామూలువి నాలుగైదు మార్చేచోట ఒకటి సరిపోతోంది. రెండు షరతులు. వ్యాక్యూమ్ తగిలించకపోతే ఆ డబ్బు దండగ. డిస్క్‌కీ ప్యాడ్‌కీ మధ్యలో ప్యాడ్ సేవర్ (ప్యాడ్‌ని కాపాడే పల్చటి పొర) పెట్టకపోతే వల గుండా రాపిడీ వేడీ తగిలి మెషీన్ ప్యాడ్ కొక్కేలు కరిగిపోతాయి, డిస్క్ మిగుల్చుకుని ప్యాడ్ కొనుక్కోవాల్సి వస్తుంది.

తెల్లటి పూత ఉన్న పేపర్ గురించి భయపెట్టేవాళ్లు చాలామంది. ఆ పూత స్టియరేట్, సబ్బు జాతిది, దుమ్ము అంటుకోకుండా వేస్తారు. దాని పొడి మిగిలితే నీళ్ల కోటు అక్కడక్కడ ముడుచుకుని కళ్ళు (చిన్న గుండ్రటి గుంటలు) పడతాయంటారు. నేను 220లో, కోట్ల మధ్య 320లో అదే వాడతాను, తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాకే కోటు వేస్తాను, కళ్ళు పడిన సందర్భం లేదు. కళ్ళు ఎక్కువగా పడేది పాత సామాను మీద, ఎప్పుడో కొట్టిన సిలికాన్ పాలిష్ వల్ల, లేదా కంప్రెసర్ గొట్టంలోంచి వచ్చే నూనె వల్ల. మైనం పట్టించిన జిగట గుడ్డలు కూడా వద్దు. స్టీల్ ఉన్ని అసలే వద్దు, దాని తునకలు చెక్కలో ఇరుక్కుని నీళ్లు తగలగానే తుప్పు పడతాయి, నల్లతుమ్మ లాంటి టానిన్ (వగరు పదార్థం) ఉన్న చెక్క మీదైతే నల్ల చుక్కలే.

నెంబర్ల దగ్గర మా పాలిష్ మేస్త్రీకీ నాకూ ఇప్పటికీ పడదు. 400 కొట్టకపోతే పాలిష్ ఏంటండీ అంటాడు. పచ్చి చెక్క మీద 400 కొడితే కోటుకి పట్టు తగ్గుతుంది, రంగు కూడా సరిగ్గా ఎక్కదు. 80, 120, 180, 220, అక్కడితో ఆపేస్తాం. మధ్యలో నెంబరు ఎగ్గొడితే ముందుది వేసిన లోతు గీతలు తర్వాతది తీయలేదు. వెనీర్ అయితే 180తోనే మొదలు, అదీ చేత్తోనే, ఎందుకంటే పైపొర చాలావాటిలో అర మిల్లీమీటరే. ఇంకోటి, డిస్క్ వెనక నెంబరు ముందు పీ అక్షరం ఉందో లేదో చూడండి. పీ ఉంటే యూరప్ కొలత, లేకపోతే అమెరికా కొలత కావచ్చు. 180 దాకా పెద్ద తేడా ఉండదు కానీ అమెరికా 400 అంటే పీ600కీ పీ800కీ మధ్య సన్నం.

మెషీన్ మీద బరువు వెయ్యకండి, దాని బరువు చాలు. సెకనుకి అంగుళం చొప్పున నెమ్మదిగా జరపాలి, మావాళ్లు ఇస్త్రీ పెట్టె తిప్పినట్టు తిప్పేస్తారు. మాస్కు తప్పనిసరి, చెక్క దుమ్ము క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది.

220 అయ్యాక స్పాంజి తడిపి, గట్టిగా పిండి, చెక్కంతా ఒకసారి తుడుస్తాం. పీచు ఇప్పుడే లేపేస్తే కోటు కింద తక్కువ లేస్తుంది. పైగా అప్పటిదాకా దాగిన రింగులన్నీ తడిలో కనిపిస్తాయి, కారిన తెల్ల జిగురు తుడవని చోట్లు పాలిపోయి బయటపడతాయి, అవి గీకేయకపోతే పీయూ కింద శాశ్వతంగా ఉండిపోతాయి. ఎండాకాలం గంటా రెండు గంటల్లో ఆరిపోతుంది, వానాకాలం మా గోదావరి గాలికి తెల్లారేదాకా వదిలేస్తాను. ఆరాక కొత్త 320 ముక్కతో చేత్తో, పీచు వెంట, తేలిగ్గా ఒక్కసారి. ఇక్కడ ఉత్సాహం పనికిరాదు, ఎక్కువ రుద్దితే కింద కొత్త పీచు బయటికొచ్చి మళ్లీ మొదటికొస్తుంది. టేకైతే దుమ్ము తీశాక అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే మొదటి కోటు వేసేయాలి, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది.

కోటు మీద కోటు వేసేముందు 320తో తేలిగ్గా రుద్దినప్పుడు తెల్లటి పొడి రాలితే ఆరినట్టు. పేపర్ మీద గుళికలు గుళికలుగా చుట్టుకుంటే ఆరలేదు, డబ్బా మీద ఎన్ని గంటలని రాసున్నా సరే ఆగాలి. మొదటి కోటు తర్వాత తడి వాటర్ పేపర్ జోలికి పోను, పొర పలచగా ఉంటుంది, నీళ్లు అంచుల దగ్గర లోపలికి దిగుతాయి. అంచులు, మూలలు మెషీన్‌కి ఇవ్వను, అరిగిన 320 పారేయకుండా వాటికోసమే పక్కన పెట్టుకుంటాను.