అత్తగారి పుట్టింటి కూపీ లాగుతూ లాంకషైర్‌లో

మా అత్తగారిది బర్న్‌లీ. ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్‌లో ఉంది. ప్రపంచంలోనే ఎక్కువ మగ్గాలున్న ఊరని ఒకప్పుడు దానికి పేరు. ఆవిడ పుట్టింటివాళ్లు తరతరాలుగా మిల్లు కూలీలే. ఆస్తి లేదు కాబట్టి వీలునామాలు లేవు. పేరు చెక్కించిన సమాధి రాళ్లూ లేవు. వాళ్లు బతికారని చెప్పేవి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టిన చర్చి రిజిస్టర్లు, పదేళ్లకోసారి రాసిన జనాభా లెక్కలు, అంతే. రిటైరయ్యాక ఆవిడకి వీటి పిచ్చి పట్టింది. మా ఆయనకి సెలవు దొరకదు, అందుకని తోడు వెళ్లడం నా వంతయింది. చీరాలలో మగ్గాల మధ్య పెరిగినదాన్ని, నాకూ ఆసక్తి లేకపోలేదు.

ముందు క్యూ సంగతి. లండన్ అంచున క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు అది. ముందు కొలను, పెద్ద భవనం, శుభ్రమైన కాంటీన్, బాగుంటుంది. కానీ కూలీల కుటుంబం కోసం వెతికేవాళ్లు ముందు అక్కడికే పరిగెత్తక్కర్లేదు. ఊరి చర్చి రిజిస్టర్లు అక్కడ ఉండవు. 1841 నుంచి 1911 దాకా జనాభా లెక్కల పేజీలు ఇంట్లో కంప్యూటర్‌లోనే కనిపిస్తాయి. మేం వెళ్లింది మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఒక ముత్తాత కోసం. ఆ సిపాయిల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా 1940 బాంబు దాడిలో కాలిపోయాయి. మిగిలినవి అంచులు మాడిపోయి ఉన్నాయి. మా ఆయన ముత్తాతవి కాలిపోయిన వాటిలోనే ఉన్నట్టున్నాయి, ఏమీ దొరకలేదు. లండన్ హోటల్ ఖర్చు మాత్రం మిగిలింది. సైన్యంలో ఎవరూ లేకపోతే క్యూని జాబితాలోంచి కొట్టేయండి. ఆది, సోమవారాలు సెలవు కూడా.

మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీ వేరే కథ. సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో ట్రామ్ దిగితే ఎదురుగా గుండ్రటి తెల్ల భవనం. 1921 జనాభా లెక్కలు ఇంట్లో చూడాలంటే డబ్బు కట్టాలి, ఇక్కడ ఉచితం. 1921 కాగితం కూలీల కుటుంబాలకి బంగారం. ఎవరి దగ్గర పని చేస్తున్నారో, ఎక్కడ చేస్తున్నారో కూడా అందులో రాయించారు. అత్తగారి అమ్మమ్మ అప్పటికి పెళ్లికాని పిల్ల. పేరు పక్కన బర్న్‌లీ దగ్గరి హార్ల్ సైక్‌లోని ఒక మిల్లు పేరుంది. అప్పటిదాకా "ఎక్కడో మిల్లులో చేసేది" అని మాత్రమే తెలుసు. 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు రాయలేదు. తర్వాతిది 1951దే. నూరేళ్ల నియమం ప్రకారం అది 2052 దాకా తెరవరు. అందుకే ఈ ఒక్కదానికోసమైనా మాంచెస్టర్ వెళ్లాలి. బస మాత్రం అక్కడొద్దు. ఫుట్‌బాల్ మ్యాచో, పెద్ద కచేరీయో ఉన్న రాత్రి గది ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

మేం ప్రెస్టన్‌లో దిగాం. స్టేషన్ దగ్గర సాదాసీదా హోటల్. కెటిల్, వేడినీళ్లు, నిశ్శబ్దం ఉన్నాయి, అంతకన్నా ఏం కావాలి. ఊళ్లో గుజరాతీలు ఎక్కువ కాబట్టి శాకాహార భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. చర్చి రిజిస్టర్లుండే లాంకషైర్ ఆర్కైవ్స్‌కి నడిచే వెళ్లొచ్చు.

ఈ యాత్రలో నాకు బాగా నచ్చింది ఈ ఆఫీసే. బ్యాగులు లాకర్లో పెట్టాలి, పెన్ను పనికిరాదు, పెన్సిలే. ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోవాలి. కౌంటర్లో ఉన్నావిడ మా కాగితాలు చూసి మొదట అడిగింది, "బర్న్‌లీ రిజిస్టరే చూశారా, వాలీ చూశారా?" అని. పారిష్ అంటే ఒక చర్చి పరిధి. పాత రోజుల్లో వాలీ పారిష్ ఒక తాలూకా అంత. బర్న్‌లీ, కోల్న్, క్లిథరో, ఆక్రింగ్టన్ అన్నీ దాని కిందివే. ఊళ్లోని చిన్న చర్చిలో దొరకని పెళ్లి ఒక్కోసారి అక్కడి పెద్ద చర్చిలో దొరుకుతుంది.

రిజిస్టర్లు రాయమని ఉత్తర్వు వచ్చింది 1538లో. కానీ పేదవాడికి పనికొచ్చే మలుపులు రెండు. 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరులు సంతకం పెట్టాలి, రానివాళ్లు గుర్తు పెట్టాలి. 1813 నుంచి అచ్చువేసిన బాప్తిస్మం పుస్తకాల్లో తండ్రి వృత్తికి ఒక గడి ఇచ్చారు. రిజిస్టర్లో పేజీ చిరిగినా, తడిసినా దిగులుపడక్కర్లేదు. చర్చివాళ్లు ఏటా బిషప్‌కి పంపిన నకళ్లు వేరే ఉంటాయి. మేం వెతికే ఇంటిపేరుని ఒక చందా సైట్ సూచీలో తప్పుగా చదివి ఎక్కించారు, అందుకే ఇంట్లో ఎంత వెతికినా రాలేదు. లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే సైట్‌లో వాలంటీర్లు ఉచితంగా ఎక్కించిన జాబితాలో ఆ పేరు సరిగ్గానే ఉంది. ముందు ఉచితమైనవి చూసి, తర్వాతే డబ్బు కట్టండి.

మాకు దొరికిన పెళ్లి 1820ల నాటిది. ఇద్దరూ సంతకం రానివాళ్లే. అబ్బాయి గుర్తు తిన్నగా, గట్టిగా ఉంది. అమ్మాయిది ఓ పక్కకి ఒరిగిపోయింది, చివర చిన్న సిరా మరక. కలం పట్టుకోవడం ఆవిడకి అదే మొదలూ చివరా అయ్యుంటుంది. మొదటి బిడ్డ బాప్తిస్మం తేదీ చూస్తే పెళ్లయి నాలుగు నెలలే. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్క టేబుల్ పెద్దాయన, ఇక్కడ అది మామూలే అన్నట్టు తలూపాడు.

జనాభా లెక్కల్లో 1841 కాగితం అరకొరగా ఉంటుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని సాధారణంగా ఐదుల్లోకి తగ్గించి రాశారు, పుట్టిన ఊరు లేదు. 1851 నుంచే అసలు వయసు, చుట్టరికం, పుట్టిన ఊరు ఉంటాయి. కానీ మా ఇద్దర్నీ కూర్చోబెట్టేసింది 1911. ఇంటి యజమాని సొంత చేతిరాతలో నింపిన కాగితం అది. పెళ్లయిన ఆడవాళ్లు ఎందర్ని కన్నారో, ఎందరు బతికున్నారో, ఎందరు పోయారో అడిగారు. మావాళ్ల కాగితంలో తొమ్మిది, అయిదు, నాలుగు. పోయినవాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. అయినా ఆ ఇంటాయన పోయిన ఒక పిల్ల పేరు బతికున్నవాళ్ల కింద రాశాడు. లెక్కలవాళ్లు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. మిగతా ముగ్గురి పేర్లు జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సూచీలో పట్టుకున్నాం. 1837 నుంచి పుట్టినవాళ్ల తల్లి పుట్టింటి ఇంటిపేరు అందులో ఉంటుంది, వెతకడం ఉచితం. జనాభా లెక్కలకి, లెక్కలకి మధ్య పుట్టి పోయిన పిల్లల్ని పట్టుకోవాలంటే అదే మార్గం. డిజిటల్ కాపీ తెప్పించుకుంటే కాగితం సర్టిఫికెట్ కన్నా బాగా చవక.

బర్న్‌లీకి మాంచెస్టర్ విక్టోరియా నుంచి నేరుగా రైలుంది. ఊరి బయట ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో ఉన్నాం. ఫొటోలో కొండలు, గదిలో చలి. హీటర్ సాయంత్రం కాసేపే వేస్తామని చేరాక చెప్పారు. శాకాహారం అంటే టోస్టూ, పుట్టగొడుగులూ. ఆ డబ్బుకి ప్రెస్టన్‌లోనే ఉండి, పొద్దున వచ్చి సాయంత్రం పోవడం నయం.

హార్ల్ సైక్‌లో క్వీన్ స్ట్రీట్ మిల్లు మాత్రం వదలొద్దు. ఆవిరితో నడిచే నేత మిల్లుల్లో మిగిలిన చివరిది. యంత్రం పేరు 'పీస్', అంటే శాంతి. ఏడాదంతా తెరవరు, యంత్రం నడిపే రోజు చూసుకుని వెళ్లాలి. షెడ్డులో మూడు వందల మగ్గాలున్నాయి. నడిపేది కొన్నే, వాటికే చెవులు గింగురుమన్నాయి. చీరాల మగ్గం చప్పుడు దీని ముందు ఏపాటి! అన్నీ నడిచిన రోజుల్లో నేతగత్తెలు ఒకరి పెదవులు ఒకరు చదివి మాట్లాడుకునేవారట. అత్తగారు చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ పెదవులు సాగదీసి మాట్లాడడం చూసి పళ్లు లేక అనుకున్నారట. ఈ ప్రాంతపు మగ్గాల మీద, ముఖ్యంగా బ్లాక్‌బర్న్ వైపు, మన దేశానికి పంచెలు నేసేవారు. 1931లో గాంధీగారు పక్కనే డార్వెన్‌కి వచ్చి, పని పోయిన మిల్లు కూలీలతో మాట్లాడారు. మా తాతయ్య మగ్గానికి పోటీ ఈ షెడ్లే అని నేనంటే, మిల్లులు మూతపడ్డాక తమ ఇంట్లో ఎవరికి ఎన్నాళ్లు పని లేదో అత్తగారు లెక్క చెప్పారు.

వంశవృక్షంలో ఒక కొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాం. 1851 కాగితంలో ఒకావిడ పుట్టిన చోటు అన్న గడిలో 'ఐర్లాండ్' అని ఒక్క ముక్క, ఊరు లేదు. ఐర్లాండ్‌లో ఆ కాలపు జనాభా లెక్కలు 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసుతో పాటే దాదాపు అన్నీ కాలిపోయాయి. 1901, 1911వి ఉన్నాయి, ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు కానీ, ఆవిడ అప్పటికే యాభై ఏళ్ల కిందట బర్న్‌లీలో ఉంది. ఊరి పేరు ఎక్కడైనా రాశారేమో అని బర్న్‌లీలోని కేథలిక్ చర్చిల బాప్తిస్మం రిజిస్టర్లు చూద్దామంటున్నారు అత్తగారు. వాటికీ ప్రెస్టనే వెళ్లాలి.