బోరు నీళ్ల మిద్దెతోటకు బీట్‌రూటా, బీన్సా?

హైదరాబాద్‌లో మా మిద్దె మీద కుండీల అంచులకు తెల్లటి ఉప్పు పొర పట్టింది. వేసవంతా బోరు నీళ్లే పోశాను మరి. ఒకే మట్టి, ఒకే నీళ్లు. బీన్స్ ఆకుల అంచులు గోధుమరంగుకు మాడి గరగరలాడుతున్నాయి, పక్కనే బీట్‌రూట్ మాత్రం నిగనిగలాడుతోంది.

బీట్‌రూట్ పూర్వీకురాలు ఐరోపా సముద్రతీరాల్లో పెరిగే మొక్క. ఉప్పును అది వద్దనదు, ఆకుల్లోకి రానిచ్చి కణాల్లోని రిక్తికల్లో (కణం లోపల నీళ్లు నిల్వ ఉండే సంచుల్లాంటి భాగాలు) దాచేస్తుంది. పొటాషియం చేసే పనుల్లో కొన్నిటికి సోడియంనే వాడుకుంటుంది. రిక్తికలో ఉప్పు పెరిగితే మిగతా కణంలోంచి నీళ్లు అటు లాగేసుకోవాలి కదా? అలా కాకుండా మిగతా కణంలో బీటైన్ అనే పదార్థం తయారుచేసుకుని సమం చేస్తుంది. ఆ పేరు వచ్చిందే బీట్ నుంచి! నాకు చాలా ముచ్చటేసే సంగతి ఇది.

బీన్స్‌కు ఇంత సర్దుబాటు లేదు. సోడియంను వేళ్లలో, కాండంలో కొంతవరకు ఆపుతుంది కానీ ఉప్పులోని మరో భాగం క్లోరైడ్ ఆకులకు చేరిపోతుంది. పత్రరంధ్రాలు (ఆకుల మీది సన్నని రంధ్రాలు) మూసుకుని, ఎదుగుదల తగ్గించుకుంటుంది.

మట్టి లవణీయత, అంటే ఉప్పదనం, మీటరుకు 1 డెసీసీమెన్ (దాన్ని కొలిచే ప్రమాణం) దాటగానే బీన్స్ దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. బీట్‌రూట్ సుమారు 4 దాకా తట్టుకుంటుంది.

బోరు నీళ్లే దిక్కయితే నేను బీట్‌రూటే వేయమంటాను. మొలకప్పుడు మాత్రం అదీ సున్నితమే, మొదటి రెండు వారాలు మంచినీళ్లు పోయండి. బీన్స్ మీద మనసుంటే వాన నీళ్లు పట్టి ఉంచుకోండి.